తోడి గాంధారం తెలిసిన పిల్లకు కంప్యూటర్ చదువు!

పదో తరగతి పరీక్షలు అయ్యాయంటే చాలు, మన గోదావరి జిల్లాల్లో చాలామంది ఆడపిల్లల శ్రుతిపెట్టెలు, వీణలు అటకెక్కేస్తాయి. ఇంటర్ ఎంపీసీ, హాస్టలు, ఎంట్రన్సు... ఇంక సంగీతానికి టైమెక్కడిది? "వర్ణాల దాకా వచ్చింది కదండీ, చాలు. పాటేమన్నా కూడు పెడుతుందా?" అనేస్తారు పెద్దవాళ్లు. రాజమండ్రి అయినా, అమలాపురమైనా, భీమవరమైనా ఇదే మాట. మా ఇంట్లోనూ అన్నారు. అయితే మా అమ్మ మాత్రం ఆదివారం క్లాసు మానిపించలేదు. యూనివర్సిటీలో నన్ను ఒడ్డున పడేసింది ఆ ఆదివారాలే!

నేను చదివిన చదువు పేరు మ్యూజిక్ ఇన్ఫర్మేషన్ రిట్రీవల్. నోరు తిరగకపోతే ఎంఐఆర్ అనండి. కంప్యూటర్‌కి సంగీతం వినిపించి, ఇది ఏ రాగం, ఏ తాళం, ఎవరి గొంతు అన్నది దానిచేత చెప్పించడమే ఈ విద్య. వేల పాటల్లోంచి మనకు కావలసినదాన్ని వెతికించడం కూడా ఇందులో భాగమే.

ఇదేదో మనకు అందని సంగతి అనుకోకండి. ఎక్కడో పాట వినిపిస్తుంటే ఫోను చూపించి అదే పాటో తెలుసుకుంటున్నాం కదా! ఆ షాజామ్ సేవ 2002లో ఇంగ్లాండులో మొదలైంది. అప్పట్లో 2580 నంబరుకి ఫోన్ చేసి పాట వినిపిస్తే పేరు మెసేజీగా వచ్చేది. మనిషికి వేలిముద్ర ఉన్నట్టు ప్రతి రికార్డుకీ ఒక ధ్వని ముద్ర ఉంటుంది. ఆ ముద్రల్ని పోల్చి చూస్తుందన్నమాట. అందుకే దానికి తెలిసిందల్లా ఆ రికార్డే. శంకరగుప్తంలో పుట్టిన మన బాలమురళీకృష్ణగారి రికార్డు దాని దగ్గర ఉంటే గుర్తుపడుతుంది. అదే కీర్తన మీ అమ్మగారు వంటింట్లో పాడితే తెల్లమొహం వేస్తుంది. కూనిరాగం తీసినా పాట వెతికే సౌకర్యాన్ని గూగుల్ 2020లో తెచ్చింది. అది ధ్వని ముద్రను వదిలేసి, వరస ఎలా పైకి కిందికి నడిచిందో చూస్తుంది.

పులుసు రుచి చూసినట్టు...

ఈ చదువుకి పునాది ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ అనే లెక్క. కలిసిపోయిన ధ్వనిని విడివిడి కంపనాలుగా విడదీసి చూపిస్తుంది. చెంచాడు పులుసు నోట్లో వేసుకుని "మెంతులు కాస్త ఎక్కువయ్యాయి, బెల్లం తక్కువైంది" అని చెప్పే అత్తగార్లు ఉంటారు చూడండి, సరిగ్గా అలాగే!

లెక్క అందరికీ ఒకటే. చిక్కంతా మన సంగీతం దగ్గరే. పాశ్చాత్యుల స్వరాల స్థాయి ముందే స్థిరపడి ఉంటుంది. మనకేమో ఎవరి షడ్జమం వాళ్లది. ఆడవాళ్లం ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడుకుంటే మగవాళ్లు ఒకటి, ఒకటిన్నరలో పాడతారు. కాబట్టి కంప్యూటర్ ముందుగా తంబురా నాదాన్నీ గొంతునూ విని ఆధార షడ్జమం పట్టుకోవాలి. ఆ తరువాతే మిగతా స్వరాలు ఎంతెంత దూరంలో ఉన్నాయో కొలవగలదు. స్థాయిని 1200 భాగాలు చేసి కొలుస్తారు. ఒక్కో భాగాన్ని సెంట్ అంటారు.

శంకరాభరణానికీ కల్యాణికీ తేడా ఒక్క మధ్యమంలోనే. దాన్ని కంప్యూటర్ తేలిగ్గానే పట్టేస్తుంది. మరి ఆరభి, దేవగాంధారి? ఆరోహణ అవరోహణలు రెండింటికీ ఒకటే. నడక, గమకం, సంచారాలు చూసి మనం చెబుతాం. స్వరాల లెక్క మాత్రమే తెలిసిన యంత్రం అక్కడ చతికిలబడుతుంది.

క్లాసులో నా పక్కన కూర్చునే అబ్బాయి నాకన్నా చకచకా ప్రోగ్రాములు రాసేవాడు. ఒకసారి తోడి ఆలాపన ఇచ్చారు. కంప్యూటర్ గీసిన గీత గాంధారం దగ్గర అల లాగా ఊగిపోతోంది. "స్వరం నిలవలేదు, ఈ ముక్క తీసేద్దాం" అన్నాడతను. "ఆ ఊపే గాంధారం బాబూ! అది తీసేస్తే తోడి ఎక్కడుంటుంది?" అన్నాను. ఆ రోజునుంచి ఏ రాగం వచ్చినా నా బల్ల దగ్గరికే వచ్చేవారు. అతని దగ్గర నేను ప్రోగ్రాములు నేర్చుకున్నాను, నా దగ్గర అతను వినడం నేర్చుకున్నాడు.

ఎవరెవరు, ఎక్కడెక్కడ?

ఈ రంగం వాళ్ల మొదటి అంతర్జాతీయ సమావేశం 2000లో అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్లిమత్‌లో జరిగింది. 2022 డిసెంబరులో అదే సమావేశం బెంగళూరుకి వచ్చింది. ఈ మధ్యకాలంలో మన సంగీతానికి పెద్ద మేలు చేసింది 'కాంప్‌మ్యూజిక్' ప్రాజెక్టు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో పాంపెవ్ ఫాబ్రా యూనివర్సిటీ ప్రొఫెసర్ జేవియర్ సెర్రా 2011 నుంచి 2017 వరకు దాన్ని నడిపారు. కర్ణాటక, హిందుస్తానీ, టర్కీ, అరబ్-ఆండలూసియా, చైనా సంప్రదాయాలు ఐదూ తీసుకుని, వాటి పద్ధతిలోనే వాటిని అర్థం చేసుకోవాలని పూనుకున్నారు. ఐఐటీ మద్రాసు నుంచి హేమా మూర్తి, ఐఐటీ బొంబాయి నుంచి ప్రీతి రావు ఇందులో పాలుపంచుకున్నారు. ఇద్దరూ ఆడవాళ్లే సుమండీ!

మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో విను అల్లూరి బృందం మరో కోణం పట్టుకుంది. మనిషి వినే పాటలకీ కుంగుబాటుకీ సంబంధం ఏమిటన్నది పరిశీలించి 2020లో పరిశోధన పత్రం వెలువరించింది. ఈ రంగంలో అడుగుపెట్టే అమ్మాయిలకు చెయ్యందించడానికి 'విమెన్ ఇన్ ఎంఐఆర్' అనే బృందం కూడా ఉంది. 2016లో వాళ్లు మొదలుపెట్టిన కార్యక్రమంలో అనుభవజ్ఞులు ఇంటర్నెట్ ద్వారా కొత్తవాళ్లకు సలహాలిస్తూ వచ్చారు.

దారి ఇదీ

ఇంటర్ ఎంపీసీ తరువాత బీటెక్‌లో ఈసీఈ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ తీసుకోవచ్చు. ఈసీఈలో డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ శ్రద్ధగా చదవాలి. పైథాన్ తప్పదు. పైథాన్‌కి తోడు లిబ్రోసా, పాట గీతల్ని తెరమీద చూపే సోనిక్ విజువలైజర్, రెండూ ఉచితమే. ఆ పైన ఐఐటీలు, ట్రిపుల్ ఐటీలో పరిశోధన చెయ్యొచ్చు. విదేశాలకు వెళ్లేవాళ్లకు బార్సిలోనా, లండన్ క్వీన్ మేరీ, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ లాంటి చోట్లు ఉన్నాయి.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. సంగీతమే పనిగా ఉండే కొలువులు పాటల యాప్‌లలో, సంగీతం నేర్పే యాప్‌లలో కొన్నే ఉంటాయి. కానీ ధ్వని మీద చేయి తిరిగిన మనిషికి మాటల్ని గుర్తించే సాంకేతికతలో, వినికిడి యంత్రాల తయారీలో కూడా పని దొరుకుతుంది. కాబట్టి సంగీతం వల్ల ఇంజనీరింగ్ చెడుతుందన్న బెంగ అక్కర్లేదు.

మన పాటల సంగతేమిటి?

నాకు మనసులో గుచ్చుకునే సంగతి ఒకటుంది. ఏది వినిపిస్తే కంప్యూటర్ అదే నేర్చుకుంటుంది. కచేరీ సంగీతం రికార్డులున్నాయి, పరిశోధనలున్నాయి. మరి మన అమ్మమ్మల లాలి పాటలు, మంగళహారతులు, అట్లతద్ది పాటలు, అప్పగింతల పాటలు, ఊడ్పుల్లో ఆడవాళ్లు అందుకునే పదాలు? పుస్తకాల్లోకి ఎక్కినవాటిల్లోనూ చాలావాటికి మాటలే మిగిలాయి, వరస పోయింది.

కాకినాడలో 1920లో పుట్టిన వింజమూరి అనసూయాదేవిగారు ఈ లోటు ఎప్పుడో గ్రహించారు. చెల్లెలు సీతాదేవిగారితో కలిసి జానపద గీతాలు సేకరించి, రేడియోలో, సభల్లో పాడి వాటికి గౌరవం తెచ్చారు. స్వరాలు రాసి పుస్తకాలుగా వేశారు. 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూసేనాటికి ఆమెకు తొంభై ఎనిమిదేళ్లు. ఆమె చేతిలో ఉన్నవి హార్మోనియం, కాగితం, కలం. మన చేతిలో ఫోను ఉంది!

ఈ సెలవుల్లో మీ పిల్లతో ఈ పని చేయించండి. ఫ్యాను, టీవీ కట్టేసి ఫోను జానెడు దూరంలో పెట్టాలి. మొదట పెద్దావిడ పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు అన్నవి ఆవిడ నోటే చెప్పించాలి. తరువాత పాట మొదటినుంచి చివరిదాకా. మధ్యలో సరిదిద్దొద్దు, వెనక సంగీతం కలపొద్దు. రెండుచోట్ల భద్రం చేయాలి. పదిమందికీ వినిపించేముందు ఆవిడ అనుమతి అడగాలి, పేరు తప్పక వేయాలి. పనిమనిషి పాడినా, పొలంలో కూలికొచ్చినావిడ పాడినా ఇదే మర్యాద. పాట ఆవిడది కదా!

ఆ పాట ఏ శ్రుతిలో ఉందో, ఏ రాగానికి దగ్గరగా ఉందో పిల్లనే చెప్పమనండి. అది చెప్పగలిగిందంటే, ఈ చదువులో మొదటి పాఠం అయిపోయినట్టే.