వార్తల్లో పదం: జిల్లా పరిషత్

పొన్నూరు దాటి బాపట్ల వైపు వెళ్తే జిల్లా మారుతుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినప్పుడు పొన్నూరు గుంటూరులోనే ఉండిపోయింది, బాపట్ల కొత్త జిల్లా అయింది. కలెక్టరు వచ్చారు, ఎస్పీ వచ్చారు. జిల్లా పరిషత్ మాత్రం రాలేదు. 2021 ఏప్రిల్ 8న పోలింగ్, సెప్టెంబరు 19న లెక్కింపు జరిగిన ఎన్నికల్లో గెలిచిన జడ్పీటీసీలు పాత పరిషత్తుల్లోనే కొనసాగారు. అలా బాపట్ల జిల్లాలోకే వచ్చిన కర్లపాలెం గోడు గుంటూరులో, వేటపాలెం గోడు ఒంగోలులో వినిపించాల్సి వచ్చింది. ఒకే జిల్లా, రెండు సభలు! జిల్లా అంటే కలెక్టరేట్ బోర్డు ఒక్కటే కాదు. పల్లె రోడ్లు, తాగునీరు, జడ్పీ హైస్కూళ్ల గురించి అధికారులను నిలదీసే సభ కూడా. అది లేనంతకాలం జిల్లా సగమే ఏర్పడినట్టు.

ఐదేళ్లకు ఎన్నుకున్న సభను మధ్యలో చీల్చడం ఓటరును అవమానించడమేనని కొందరంటారు. ఆ మాటలో బలముంది. ఐదేళ్ల గడువు రాజ్యాంగంలోని 243-ఇ అధికరణం ఇచ్చినదే. 2016లో జిల్లాలను 31కి పెంచిన తెలంగాణ కూడా 2019 మే ఎన్నికల దాకా పాత తొమ్మిది పరిషత్తులతోనే నెట్టుకొచ్చింది, ఆ తర్వాతే అవి 32 అయ్యాయి. కానీ గడువును గౌరవిస్తూనే వరుస మార్చవచ్చు. స్కాట్లాండ్‌లో కొత్త డిస్ట్రిక్టుల కౌన్సిళ్లకు 1974 మేలో ఎన్నికలు జరిగాయి. పాలన వాటి చేతికి వచ్చింది 1975 మేలో. అక్కడ ముందు ఓటు, తర్వాత జిల్లా. మన దగ్గర ముందు కలెక్టరు.