ఇంటికి రంగులు వేయిస్తున్నారా? రోగి ఇంటికి రాకముందే ఇది చదవండి

మీ ఇంటి మనిషి కొద్ది రోజులలో డిశ్చార్జి కాబోతున్నారు. లేదా మీ అమ్మాయి కాన్పుకు పుట్టింటికి రాబోతోంది. ఈలోగా ఇంటికి రంగులు వేయించి అంతా శుభ్రంగా ఉంచుదామని మీకు అనిపించవచ్చు. ఆలోచన మంచిదే. కాని ఈ పనిలో ఏ రోజు దుమ్ము లేస్తుందో, ఏ రోజు ఘాటైన వాసన వస్తుందో తెలియకపోతే, ఆయాసం తగ్గి ఇంటికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఆయాసంతోనే ఆసుపత్రికి రావలసి రావచ్చు. కాబట్టి తేదీని వెనుక నుండి లెక్క వేసుకోండి. రోగి వచ్చే రోజుకు పని పూర్తయితే చాలదు. పని పూర్తయి, గోడలు ఆరి, వాసన కూడా పోయి ఉండాలి.

మేస్త్రీ మొదట చూడవలసినది

మంచి పెయింటింగ్ మేస్త్రీ వచ్చీరాగానే రంగుల కార్డు తీయడు. గోడలు తట్టి చూస్తాడు. ఎక్కడ పెచ్చులూడుతున్నాయో, ఎక్కడ చెమ్మ దిగుతోందో చూస్తాడు. తరువాత గోడలు, సీలింగు కొలిచి చదరపు అడుగుల లెక్కన ధర చెబుతాడు. సామాను ఎవరిది, ఎన్ని కోటింగులు, లప్పం ఎన్నిసార్లు, ఏ రకం రంగు అన్నవి ఒక కాగితం మీద రాయించుకోండి. తరువాత మాట పట్టింపులు రావు.

చెమ్మ విషయంలో మాత్రం తొందరపడవద్దు. చెమ్మ గోడ మీద నల్లగా పట్టే బూజు ఉబ్బసం ఉన్నవారికి పడదు. దానిపై రంగు వేస్తే కొన్ని నెలలు కనబడకుండా ఉంటుంది గాని పోదు. ముందు కారుతున్న పైపునో, స్లాబునో బాగు చేయించి, గోడ ఆరిన తరువాతే రంగు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడయితే సుమారు నాలుగు వారాలు ఆరనివ్వాలి. వర్షాల రోజులలో ఇంకా ఎక్కువ పడుతుంది.

గోకే రోజులే అసలు ప్రమాదం

చాలామంది వాసనకు భయపడతారు, దుమ్మును పట్టించుకోరు. మా ఉద్దేశంలో దుమ్ముకే ఎక్కువ భయపడాలి. పాత రంగును గోకి, ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు లేచే పొడి ఇల్లంతా వ్యాపిస్తుంది. పాత ఇళ్ళలో తలుపులు, కిటికీలు, గ్రిల్స్‌కు వేసిన ఆయిల్ పెయింటులో సీసం అనే లోహం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుండి అమలైంది. అంతకు ముందు వేసిన రంగు మీ తలుపుల మీద ఇంకా ఉండవచ్చు.

సీసం పొడి పిల్లల చేతులకు అంటి నోటిలోకి పోతుంది. రక్తహీనత, కడుపునొప్పి రావచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. గర్భిణి నుండి కడుపులోని బిడ్డకు కూడా చేరుతుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అందువల్ల ఆ రోజులలో చిన్నపిల్లలను, గర్భిణులను, రోగిని బంధువుల ఇంటిలో ఉంచండి. పక్క గదిలో ఉంచితే సరిపోదు. పాత ఆయిల్ పెయింటును పొడిగా రుద్దనివ్వకండి. తడిపి, నీటిలో వాడే కాగితంతో రుద్దమనండి. మంటతో కాల్చి ఊడదీయడం అసలు వద్దు. పనివారికి మూతికి కట్టే చేతిరుమాలు ఆ సన్నటి పొడిని ఆపలేదు, ఎన్95 మాస్కు కొనివ్వండి. పరుపులు, మందులు, నెబ్యులైజర్, తాగునీటి పాత్రలు ముందే బయటకు తీసివేయండి. సాయంత్రం చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి.

లప్పం, ప్రైమర్, రంగు

గోకడం అయ్యాక ప్రైమర్, దానిపై లప్పం. లప్పం ఆరాక మళ్ళీ కాగితం కొడతారు. ఇదొక దుమ్ము రోజు, మరచిపోకండి. తరువాత మళ్ళీ ప్రైమర్, ఆపైన రెండు కోటింగుల రంగు. ముందు సీలింగు, తరువాత గోడలు, చివరగా తలుపులు, కిటికీలు. నీటితో కలిపే ఎమల్షన్ కొన్ని గంటలలో ఆరుతుంది. ఆయిల్ పెయింటు కోటింగుకు, కోటింగుకు మధ్య ఒక రాత్రి పడుతుంది. రెండు గదుల ఇంటికి ఇద్దరు మనుషులతో వారం, పది రోజులు పట్టవచ్చు.

రోగి పడుకునే గదికి వీలయినంత వరకు వాసన తక్కువ ఉండే ఎమల్షన్ ఎంచుకోండి. ఆయిల్ పెయింటు, టర్పెంటైన్, థిన్నర్‌ల ఆవిరి వలన తలనొప్పి, కళ్ళు తిరగడం, పిల్లికూతలు రావచ్చు. రంగు మీద దుమ్ము పడుతుందని కిటికీలు మూసి పెట్టేవారున్నారు. అది పొరపాటు. కిటికీలు తీసే ఉంచండి. ఎమల్షన్ వేసిన గదిని కనీసం రెండు మూడు రోజులు, ఆయిల్ పెయింటు వేసిన గదిని వారమైనా గాలికి వదలండి. అప్పటికీ వాసన వస్తుంటే రోగిని అందులో పడుకోబెట్టవద్దు. ఇంటి దగ్గర ఆక్సిజన్ పెట్టుకునే రోగి ఉంటే ఆయిల్ పెయింటు పని ఇంకో సమయానికి వాయిదా వేసుకోండి. థిన్నర్ ఆవిరి తేలికగా అంటుకుంటుంది, ఆక్సిజన్ మంటను పెంచుతుంది.

కూల్‌డ్రింక్ సీసాలో టర్పెంటైన్

ఈ ఒక్క పేరా ఇంటిలో అందరికీ చదివి వినిపించండి. మిగిలిన టర్పెంటైన్‌ను కూల్‌డ్రింక్ సీసాలోనో, మంచినీళ్ళ సీసాలోనో పోసి మూలన పెడతారు. పిల్లవాడు నీళ్ళనుకొని తాగుతాడు. అలా జరిగితే వాంతి చేయించకండి, వేలు పెట్టకండి, ఉప్పునీళ్ళు పట్టకండి. వాంతిలో ఆ ద్రవం ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. బిడ్డ బాగానే ఆడుకుంటున్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, 108కి ఫోను చేయండి. ఆ సీసాను కూడా వెంట తెండి.

వెల్ల వేయిస్తున్నవారు సున్నం గురించి జాగ్రత్తపడాలి. కంటిలో పడితే ఆముదం, చనుబాలు వేయవద్దు. రెప్పలు విప్పి పట్టుకొని, ధారగా పడే మంచినీటితో కనీసం 15, 20 నిమిషాలు కడిగి, అప్పుడు డాక్టరుకు చూపించండి. కడగడానికి ముందు ఆటో కోసం వెతుక్కుంటూ కూర్చుంటే కన్ను పోవచ్చు.

పనివారికి సబ్బు, నీళ్ళు ఇవ్వండి. చాలామంది థిన్నర్‌తోనే చేతులు తుడుచుకొని అన్నానికి కూర్చుంటారు. పెయింటర్ వృత్తిలో ఏళ్ళ తరబడి ఉన్నవారికి క్యాన్సర్ ముప్పు ఎక్కువని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఆ మేస్త్రీకి కూడా పిల్లలు ఉంటారు. నిచ్చెన పట్టుకోవడానికి కింద ఒక మనిషి ఉండాలని కూడా చెప్పండి.

చివరి రోజు పగటి వెలుతురులోనే పని చూసుకొని లెక్క తేల్చండి. రంగు నంబరు రాసి పెట్టుకుంటే తరువాత ఎక్కడైనా మరక పడినప్పుడు పనికి వస్తుంది. మిగిలిన రంగును కాలువలోనో, బావి దగ్గరో పారబోయకండి. ఖాళీ అయిన పెద్ద బకెట్లు చూడడానికి గట్టిగా ఉంటాయి, పారేయడానికి మనసు ఒప్పదు. మొక్కలకు వాడుకోండి గాని, వాటిలో తాగునీళ్ళు, బియ్యం మాత్రం పోయకండి.