అగ్గువ రైఫిల్ మంచిదేనా?

మాది నారాయణఖేడ్ పక్కన చిన్న ఊరు. మొన్న దసరా సెలవులకు ఇంటికి వెళ్తే మా పెద్దబాపు నన్ను మక్క చేనుకు తీసుకెళ్లాడు. కంకి పాలు పోసుకునే టైంలో అడవి పందులు మంద పడ్డాయి. ఒక్క రాత్రిలోనే అర ఎకరం దాకా విరిచి, పొర్లి, సగం నమిలి వదిలేశాయి. పెద్దబాపు ఒక విరిగిన కర్రను చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇలా అన్నాడు:

"నువ్వు మెకానికల్ సదువుతున్నవ్ గదా బిడ్డా. అగ్గువల మంచి రైఫిల్ ఏదో చూసి చెప్పు. లైసెన్సుకు అర్జీ పెడ్త. కాదంటె కరెంటు తీగ గుంజుడే. చుట్ట గూడ తెచ్చి పెట్టిన."

ఆ చివరి మాటకే నాకు భయమేసింది. చేను చుట్టూ 230 వోల్టుల తీగ గుంజితే చచ్చేది పంది ఒక్కటే కాదు. తెల్లారి నీళ్లు కట్టడానికి వచ్చే మనిషి, తాడు తెంపుకున్న ఎద్దు, ఎవరైనా కావచ్చు. అందుకే ఆయన ప్రశ్నను నవ్వి కొట్టిపారేయకుండా, సెలవులన్నీ ఆ లెక్క మీదే కూర్చున్నాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

గడియ లాంటిదే బోల్ట్

బోల్ట్ యాక్షన్ రైఫిల్ అర్థం కావాలంటే మన ఇంటి తలుపు గడియను చూస్తే చాలు. పిడి పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తూటా డొప్ప బయట పడుతుంది. ముందుకు తోస్తే మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా బ్యారెల్ వెనక గదిలోకి వెళ్తుంది. పిడి కిందికి దించితే బోల్ట్‌కు ఉన్న చెవుల్లాంటి లగ్స్ వాటి గాడుల్లో పడి తాళం పడుతుంది. పేలుడు ఒత్తిడి అంతా ఆ చెవులే మోస్తాయి. కదిలే భాగాలు తక్కువ కాబట్టి తక్కువ ఖర్చుతో కూడా గట్టిగా చేయొచ్చు.

దీనికి మంచి ఉదాహరణ అమెరికాలో సావేజ్ కంపెనీ 1958లో తెచ్చిన మోడల్ 110. బ్యారెల్‌ను ఎంత లోతుకు బిగించాలి అన్నది చాలా సున్నితమైన పని. ఎక్కువ బిగిస్తే బోల్ట్ మూసుకోదు. తక్కువైతే తూటా వెనక ఖాళీ మిగిలి, పేలినప్పుడు డొప్ప తెగిపోయే ప్రమాదం ఉంటుంది. ఈ కొలతకు హెడ్‌స్పేస్ అని పేరు. పాత పద్ధతిలో చేయి తిరిగిన పనివాడు కొంచెం కొంచెం అరగదీస్తూ దీన్ని సరిచేయాలి. సావేజ్ వాళ్లు బ్యారెల్ మీద ఒక పెద్ద నట్టు పెట్టారు. గేజ్ పెట్టి, బ్యారెల్ తిప్పి, సరైన చోట నట్టు బిగిస్తే పని అయిపోతుంది. కొలత కచ్చితంగా వచ్చింది, కూలి ఖర్చు తగ్గింది. కాబట్టి ధర తక్కువ అనగానే నాసిరకం అనుకోకూడదు. ఖర్చు ఎక్కడ తగ్గించారో చూడాలి. చెక్క దస్తా బదులు ప్లాస్టిక్ వేస్తే నష్టం లేదు. బ్యారెల్‌లోనో, లగ్స్‌లోనో పొదుపు చేస్తే మాత్రం దాని జోలికి పోవద్దు.

మన దగ్గర దొరికేది

అయితే ఆ విదేశీ రైఫిళ్లను మామూలు లైసెన్సుదారు దిగుమతి చేసుకునే దారి మన దేశంలో లేదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే బోల్ట్ యాక్షన్ ప్రభుత్వ కర్మాగారాల .315 స్పోర్టింగ్ రైఫిల్. బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరు దీనితో ముడిపడి ఉంది. దీని పూర్వీకురాలు బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్. ఆ సైన్యం తూటా .303 కాబట్టి దాన్ని పౌరుల చేతికి ఇవ్వలేదు. దాదాపు అదే సైజున్న పాత ఆస్ట్రియా తూటా, 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్, .315 పేరుతో పౌరుల తూటా అయింది.

లీ పద్ధతిలో ఒక లాభం, ఒక లోటు ఉన్నాయి. పిడిని 60 డిగ్రీలు ఎత్తితే చాలు, పని జల్దీ అవుతుంది. మౌజర్ పద్ధతిలో 90 డిగ్రీలు ఎత్తాలి. కానీ లీ లగ్స్ బోల్ట్ వెనక భాగంలో ఉంటాయి, మౌజర్‌వి ముందు ఉంటాయి. వెనక తాళం పడితే పేలినప్పుడు బోల్ట్ పొడవంతా ఒత్తిడికి గురై వెంట్రుకవాసి కుదించుకుపోతుంది. పోటీ షూటింగ్‌కు అది లోటే. పందిని కొట్టడానికి అది పెద్ద విషయం కాదు.

ఎంత సూటిగా పోతుంది

రైఫిల్‌ను బేరీజు వేయడానికి కదలని ఆసరా మీద పెట్టి, ఒకే గురికి మూడో ఐదో తూటాలు కాల్చి, రంధ్రాలు ఎంత వెడల్పులో పడ్డాయో కొలుస్తారు. దీని యూనిట్ మినిట్ ఆఫ్ యాంగిల్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 100 మీటర్ల దూరంలో అది 2.9 సెంటీమీటర్లు. పందికి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఒక చిన్న పళ్లెమంత, అంటే 15 సెంటీమీటర్లు అనుకుందాం. మూడు మినిట్ల రైఫిల్ 100 మీటర్ల దగ్గర తొమ్మిది సెంటీమీటర్లలోపే తూటాలన్నీ వేస్తుంది. కాబట్టి ఖరీదైన ఒక మినిట్ రైఫిల్ ఈ పనికి అక్కర్లేదు.

ఇప్పుడు శక్తి. పాత మాన్‌లిషర్ లెక్క ప్రకారం తూటా బరువు 15.8 గ్రాములు, వేగం సెకనుకు 620 మీటర్లు. ఫస్టియర్ ఫిజిక్స్ సూత్రంలో వేస్తే దాదాపు 3000 జౌళ్లు వస్తుంది. పందికి అది సరిపోతుంది. గాలి నిరోధం వదిలేసి లెక్కేసినా ఆ తూటా 100 మీటర్లలో 13 సెంటీమీటర్లు, 200 మీటర్లలో 50 సెంటీమీటర్ల పైనే కిందికి జారుతుంది. నాలుగు కిలోల రైఫిల్ అనుకుంటే అది సెకనుకు దాదాపు రెండున్నర మీటర్ల వేగంతో భుజాన్ని వెనక్కి తంతుంది. ఇందులో మందు వాయువుల తన్ను కలపలేదు. పెద్దబాపుకు అరవై దాటాయి.

ఇంకో ఖర్చు తూటాలది. ఏడాదికి ఎన్ని కొనొచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. గురి సరిచేయడానికి, చేయి అలవాటు కావడానికి కొన్ని పోతాయి. ప్రాక్టీసు లేని చేతిలో మూడు మినిట్ల రైఫిల్ ముప్పై మినిట్లది అవుతుంది. గాయపడి పొదలో దూరిన పందిని తెల్లారి వెతుక్కుంటూ పోయేది కూడా మనమే.

మా చేనులో నిలబడి చూస్తే

యంత్రంగా చూస్తే .315 పాసయింది. అప్పుడు నేను పెద్దబాపు మంచె ఎక్కి చూశాను. మంచె ఎత్తు మూడు మీటర్లు. 30 మీటర్ల దూరంలో పందిని కొడితే తూటా దాదాపు ఆరు డిగ్రీల వాలులో నేలను తాకుతుంది. 100 మీటర్ల దూరంలో అయితే రెండు డిగ్రీలు కూడా ఉండదు. చెరువులో పలక రాయి విసిరితే ఎగిరినట్టు, అంత తక్కువ వాలులో తూటా రాయినో గట్టి నేలనో తాకి ఎగిరిపోగలదు. ఈ జాతి తూటా రెండు మూడు కిలోమీటర్లు పోగలదు. మా చేను అవతల కంది చేన్లు, వాటిల్లో ఇంకో నాలుగు మంచెలు, ఆ తర్వాత తండా. రాత్రిపూట ఏ మంచె మీద ఎవరు పడుకున్నారో ఎవరికీ తెలియదు.

పందులు వచ్చేది కూడా రాత్రే. టార్చి వెలుగులో నలభై మీటర్లు దాటి కనిపించదు. రైఫిల్ గొప్పతనమంతా దూరంలో ఉంది. మా చేనులో ఆ దూరం అక్కరకు రాదు, కానీ ఆ ప్రమాదం మాత్రం పూర్తిగా ఉంటుంది.

కాయితం ఏమంటుంది

చట్టం చదివితే ఈ సంగతి ముందే ఆలోచించినట్టు అనిపించింది. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ కోసం చెప్పింది ముందు నుంచి మందు కూరే తుపాకీని, అంటే మన పెద్దలు చెప్పే బర్మారును. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి అనిపిస్తే, గొట్టం లోపల గాడులు లేని ఇంకో తుపాకీకి ఇవ్వొచ్చు. రైఫిల్‌కు తగిన కారణం విడిగా చూపించి ఒప్పించాలి.

పైగా తుపాకీ లైసెన్సు అంటే పందిని కొట్టే అనుమతి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, నిలిచిన పంటను పాడుచేసే జంతువును చంపాలంటే అధికారి రాతపూర్వక ఆజ్ఞ కావాలి. అది లేకుండా కొడితే తుపాకీ ఎంత మంచిదైనా కేసు కేసే.

నా తీర్పు

దసరా అయిన మూడో రోజు పెద్దబాపుతో చెప్పాను: "రైఫిల్ మంచిదే పెద్దబాపూ. అగ్గువదైనా మంచిదే. కానీ మన చేనుకు అది పనికిరాదు."

ఆయన "అయితె మల్ల ఏం జేయాలె?" అన్నాడు. నా దగ్గర రెండే జవాబులు ఉన్నాయి. ఒకటి, పాడైన పంట ఫోటోలు తీసి అటవీ శాఖకు నష్టం అర్జీ, పందుల మీద చర్యకు అర్జీ, రెండూ రాతలో ఇవ్వడం. రెండు, పక్క రైతులతో కలిసి సోలార్ కంచె. అందులోనూ కరెంటే ఉంటుంది, కానీ ఎనర్జైజర్ సెకనుకు దాదాపు ఒక్కసారి, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు మాత్రమే షాక్ ఇస్తుంది. జంతువు అదిరిపడి వెనక్కి పోతుంది. లైను నుంచి నేరుగా గుంజిన తీగ ఆగకుండా ప్రవహించి పట్టుకున్న చేతిని వదలనివ్వదు. రెంటికీ తేడా అదే.

పెద్దబాపు అర్జీ రాయించుకున్నాడు. కంచె ఖర్చుకు ఇంకా ముగ్గురు ఒప్పుకోవాలి. అప్పటిదాకా మంచె మీద డబ్బా కొడుతూ రాత్రంతా మేలుకుంటున్నాడు. తెచ్చిపెట్టిన తీగ చుట్ట ఇంకా కొట్టంలోనే ఉంది. నేను హాస్టల్ నుంచి వారానికోసారి ఫోన్ చేసి, అన్నం తిన్నావా అని అడిగాక, రెండో ప్రశ్న దాని గురించే అడుగుతున్నాను.