గోదారి ఒడ్డున స్థలం కొనేముందు ఓ గొయ్యి తవ్వి చూడండి

ఈసారి వీడియోలో సెప్టిక్ ట్యాంకు గురించి చెబుతున్నాను. ప్రకృతి వ్యవసాయానికి దాంతో పనేంటి అనుకోకండి, చివరిదాకా చూడండి.

మా బావగారు అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి గట్టు పక్కన ముప్పై సెంట్ల కొబ్బరి తోట బేరం పెట్టారు. చిన్న ఇల్లు, పెరట్లో కూరగాయలు, ఒక ఆవు ఆయన కోరిక. నన్నూ చూడమన్నారు. పార, గునపం పట్టుకెళ్లాను. మంచి ఎండల్లోనే నాలుగడుగులకి నీరు తగిలింది. పోటు వచ్చేసరికి గొయ్యిలో నీరు ఇంకో జానెడు పెరిగింది.

"ట్యాంకు కట్టి, పక్కన ఇంకుడు గొయ్యి తీస్తే సరిపోద్ది కదా బావా?" అన్నారు.

సరిపోదండీ. సెప్టిక్ ట్యాంకులో మడ్డి అడుక్కి దిగుతుంది, అంతే. బయటికొచ్చే నీటిలో రోగక్రిములు అలాగే ఉంటాయి. వాటిని వడకట్టేది పొడి నేల, అందులోని సూక్ష్మజీవులు. అందుకే గొయ్యి అడుగుకీ భూగర్భజలానికీ మధ్య కనీసం ఒకటిన్నర మీటర్ల పొడి మట్టి ఉండాలి. ఇక్కడ అది లేదు. పైగా ఇసుక నేల, మురుగు తొందరగా పాకుతుంది. ఆ బావి నీళ్లతోనే జీవామృతం కలుపుతాం, ఆకుకూరలు కడుగుతాం, మనమూ తాగుతాం.

కొనేముందు ఇవి చూసుకోండి:

1. వానాకాలంలో, పౌర్ణమికో అమావాస్యకో పోటు సమయంలో గొయ్యి తవ్వి నీటిమట్టం చూడండి.
2. 2022 జులై వరదకి నీరు ఎంతవరకు వచ్చిందో ఇరుగుపొరుగుని అడగండి. అప్పుడు ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది.
3. మీ బావే కాదు, పక్కవాళ్ల బావులు, గొయ్యిలు ఎక్కడున్నాయో కొలవండి. మధ్యలో కనీసం 15 మీటర్లయినా ఉండాలి.
4. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ నిబంధనలుంటాయి. పోటు తగిలే నది గట్లకీ ఉంటాయి. ఇల్లు కట్టనిస్తారో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి.

అక్కడే కట్టక తప్పదంటే మరుగుదొడ్డిని, గొయ్యిని వరద మట్టం కంటే పైకి లేపి, చుట్టూ మట్టి పోయించాలి. ట్యాంకుని నీరు చొరకుండా గట్టిగా కట్టించాలి. నీటిమట్టం పైనున్నప్పుడు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయిస్తే అది పైకి తేలిపోయే ప్రమాదం ఉంది. ఈ ఖర్చంతా స్థలం ధరలో కలిపి లెక్క వేసుకోండి.

బావగారు లెక్క వేశారు. గట్టు పక్క స్థలం వదిలేసి, ఊళ్లోకి మెరక మీద ఇరవై సెంట్లు చూస్తున్నారు. అక్కడా ముందు గొయ్యే తవ్వుతాం. ఆ వీడియో కూడా పెడతాను.