ఊర్లో ఉన్న అమ్మకి థైరాయిడ్ మాత్రలు: ఫోన్‌లో ఏం సెట్ చేయాలి, ఏది దండగ?

ఊర్లో పెద్దవాళ్లకి థైరాయిడ్ మాత్రలు నడుస్తుంటాయి, మనమేమో బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటాం. "దీనికి మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి" అని చాలామంది అడుగుతున్నారు. మా అమ్మకి 72 ఏళ్లు. పుంగనూరులో ఒక్కతే ఉంటుంది. డాక్టర్, ల్యాబ్ మదనపల్లెలో. ఏడాదికి రెండు మూడు నెలలు కుప్పంలో అక్క వాళ్లింట్లో. నేను హైదరాబాద్ నుంచి ఇదంతా చూసుకుంటున్నాను కాబట్టి ఏది పనిచేసిందో, ఏది చేయలేదో చెప్తాను. డోస్ విషయంలో మాత్రం మీ డాక్టర్ మాటే ఫైనల్.

ఇది నెమ్మదైన జబ్బు

షుగర్‌లాగా థైరాయిడ్ గంటగంటకీ మారదు. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ పేర్లతో దొరికే లెవోథైరాక్సిన్ సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు వారం పడుతుంది. అందుకే డోస్ మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగి టీఎస్‌హెచ్ టెస్ట్ చేయించమంటారు. అంటే ఒక రోజు మాత్ర మర్చిపోతే కొంప మునగదు. "వేసుకున్నావా, వేసుకున్నావా" అని రోజుకు మూడుసార్లు ఫోన్ చేయక్కర్లేదు. రియల్ టైమ్ ట్రాకింగ్ అసలే అక్కర్లేదు.

ప్రమాదం ఎక్కడంటే, వారాల తరబడి తక్కువగానో ఎక్కువగానో పడటం. పెద్దవాళ్లలో ఎక్కువ పడితే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు బలహీనపడొచ్చు. కాబట్టి మనకి కావాల్సింది రోజువారీ నోటిఫికేషన్ కాదు, వారానికోసారి నమ్మకమైన లెక్క.

రిమైండర్: యాప్ కన్నా అలారమే మేలు

ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి హెల్త్ యాప్‌లోనే మెడికేషన్స్ ఉంది. శాంసంగ్ హెల్త్‌లోనూ ఈ ఫీచర్ ఉంది. మెడిసేఫ్ లాంటి యాప్స్ సరేసరి. మీ వాళ్లు స్మార్ట్‌ఫోన్ బాగా వాడేవాళ్లయితే ట్రై చేయండి. కానీ షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ బడ్జెట్ ఫోన్లలో బ్యాటరీ మిగల్చడానికి సిస్టమే బ్యాక్‌గ్రౌండ్ యాప్స్‌ని ఆపేస్తుంది. ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీలో నో రిస్ట్రిక్షన్స్ పెట్టకపోతే రిమైండర్ రాదు. హైదరాబాద్‌లో కూర్చుని అమ్మ చేత ఈ సెట్టింగ్స్ మార్పించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

ఫోన్‌తో వచ్చే క్లాక్ యాప్‌కి ఈ గొడవ లేదు. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. రెండు అలారాలు పెట్టండి. మా ఇంట్లో 5:30కి మాత్ర, 6:30కి కాఫీ. రెండోది చాలా ముఖ్యం. పరగడుపున మాత్ర వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి, లేదంటే మందు సరిగ్గా ఒంటికి పట్టదు. కాఫీ దానికి అడ్డమే. మనవైపు పొద్దున్నే రాగి జావ తాగే అలవాటు కదా, రాగుల్లో కాల్షియం ఎక్కువ, దానికీ ఇదే గ్యాప్ ఇవ్వండి. కాల్షియం, ఐరన్ మాత్రలైతే ఏకంగా 4 గంటల తేడా ఉండాలి. ఆ టైముకి మూడో అలారం.

చిన్న ట్రిక్: మీ గొంతుతో "అమ్మా, థైరాయిడ్ మాత్ర వేసుకో" అని రికార్డు చేసి, ఆ ఫైల్‌ని అలారం టోన్‌గా పెట్టండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కుదురుతుంది. మా అమ్మ ఆ అలారానికి "ఊఁ, వేసుకుంటాన్లే నాయనా" అని జవాబు కూడా చెప్తుంది.

వారం డబ్బా, ఆదివారం ఫోటో

అసలు పని చేసేది ఇది. ఏడు గదుల మాత్రల డబ్బా కొనండి, లోపలికి వెలుతురు పోని రంగుది. లెవోథైరాక్సిన్‌కి వెలుతురు, తేమ పడవు కాబట్టి ఒక్క వారానికే నింపాలి, మిగతావి సీసాలోనే. ఆదివారం పొద్దున మాత్ర వేసుకున్నాక డబ్బా తెరిచి వాట్సాప్‌లో ఒక ఫోటో. ఏ గదిలో మాత్ర మిగిలిందో అదే మర్చిపోయిన రోజు. నింపాక ఇంకో ఫోటో.

నింపాక ఫోటో ఎందుకంటే, మొన్నామధ్య డాక్టర్ డోస్‌ని 50 నుంచి 75 మైక్రోగ్రాములకి పెంచాడు. కుప్పం వెళ్లేటప్పుడు అమ్మ పాత సీసా, కొత్త సీసా రెండూ సంచిలో పెట్టుకుంది. "పెంచారు కదా" అని గదికి రెండూ వేసింది. రోజుకి 125 అన్నమాట. రెండు వారాల తర్వాత బీపీ మెషీన్ ఫోటోలో పల్స్ 104 కనిపించింది, అంతకుముందు ఎప్పుడూ 70ల్లోనే. వెంటనే అక్కకి ఫోన్ చేసి డబ్బా తెరిపిస్తే విషయం బయటపడింది. మదనపల్లె డాక్టర్ వీడియో కాల్‌లో చూసి, కొన్ని రోజులు మాత్ర ఆపించి, ఈసీజీ తీయించమన్నాడు. కుప్పంలోనే తీయించాం, నార్మల్. డోస్ మారిన రోజే పాత సీసా ఇంట్లోంచి తీసేయించండి.

స్మార్ట్‌వాచ్ అవసరమా?

నన్నడిగితే ఈ పనికి వద్దు. రోజూ చార్జింగ్ పెట్టాలి, బ్లూటూత్ తెగిపోతుంటుంది, పెద్దవాళ్లు నాలుగు రోజులు కట్టుకుని బీరువాలో పెట్టేస్తారు. పై చేతికి కట్టే మామూలు డిజిటల్ బీపీ మెషీన్ చాలు. బీపీతో పాటు పల్స్ చూపిస్తుంది, చాలా మోడల్స్‌లో గుండె లయ తేడాగా ఉంటే గుర్తు కూడా వస్తుంది. కొనేటప్పుడు ఆ ఫీచర్, పెద్ద అంకెలు ఉన్నాయో లేదో చూడండి. కూర్చుని ఐదు నిమిషాలు ఆగి చూసినా పల్స్ 100 దాటుతుంటే డాక్టర్‌కి చెప్పండి. గుండె నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఫోటోలు కాదు, 108కి ఫోన్ చేయాలి.

రిపోర్టులు

క్యాలెండర్‌లో టెస్ట్ తేదీ పెట్టి అక్కకి కూడా షేర్ చేశాను. పుంగనూరు నుంచి మదనపల్లెకి పొద్దున బస్సెక్కి, రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర. ఎప్పుడూ ఒకే ల్యాబ్ మేలు. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలుంటే రెండు రోజుల ముందే ఆపాలి, అవి రిపోర్టుని తప్పు చూపించగలవు.

రిపోర్టు పీడీఎఫ్ వాట్సాప్‌లో వదిలేయకండి. డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, ఫైల్ పేరులోనే తేదీ, అప్పటి డోస్, బ్రాండ్ రాయండి. 14 అంకెల ఆభా నంబర్ చేయించడం మంచిదే, కానీ ప్రతి ల్యాబూ రిపోర్టుని దానికి లింక్ చేయదు. ఫోల్డర్ మాత్రం మన చేతిలో ఉంటుంది. ఇంకోటి, టీఎస్‌హెచ్ 5 వచ్చి పక్కన నల్లగా గుర్తు కనబడితే కంగారు పడొద్దు. ల్యాబ్ వేసేది పెద్దలందరికీ ఒకటే రేంజ్. 70 దాటినవాళ్లకి 4 నుంచి 6 మధ్య ఉన్నా ఫర్వాలేదని 2014లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలే చెప్పాయి.

డాక్టర్‌తో వీడియో కాల్

2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, నేరుగా చూపించుకున్న 6 నెలల్లోపు అదే సమస్యకి అదే డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడితే అది ఫాలో అప్ కిందికి వస్తుంది. అందుకే మేం ఆరు నెలలకోసారి మదనపల్లె వెళ్తాం, మధ్యలోవి వీడియోలో. ఉచితంగా కావాలంటే ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. కుప్పంలో 2025 జులైలో టాటా వాళ్లతో కలిసి ప్రభుత్వం డిజిటల్ నెర్వ్ సెంటర్ మొదలుపెట్టింది. పెద్దాసుపత్రి కావాలంటే అక్కడే పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది. కాబట్టి అమ్మ అక్కడున్నప్పుడు నాకు అంత బెంగ ఉండదు.

ఒక్క సంగతి మాత్రం చూసుకోవాలి. ఊరు మారినప్పుడు మెడికల్ షాపులో "అదే మందమ్మా" అని వేరే కంపెనీది ఇస్తారు. వీలైనంతవరకు బ్రాండ్ మార్చొద్దు, మారితే ఆరు వారాలకి మళ్లీ టెస్ట్. సీసా మీద లేబుల్ ఫోటో అమ్మ ఫోన్‌లో, అక్క ఫోన్‌లో ఫేవరెట్స్‌లో పెట్టి ఉంచాను. షాపులో చీటీ బదులు అదే చూపిస్తున్నారు.