పట్టివేసిన డిస్క్ బ్రేకు

చింతూరు నుండి మారేడుమిల్లికి ఘాటురోడ్డు ఎక్కు కారునకు బ్రేకుతో పని తక్కువ. యాక్సిలరేటరు మీద కాలు తీసిన చాలును, ఎత్తే బండిని ఆపివేయును. కనుక ఎక్కుడు ముగిసిన చోట బండి దిగి చూచినచో నాలుగు చక్రములును ఇంచుమించు ఒక్క తీరుగ చల్లగా నుండవలెను. అందొకటి చేయి దగ్గరకు పోనీయనంత వేడిగా నున్నచో, ఆ చక్రపు బ్రేకు మనము నొక్కకయే పట్టుచున్నదని అర్థము. దిగునప్పుడు ఈ పరీక్ష చెల్లదు. అప్పుడు బ్రేకులన్నియు వేడెక్కును.

ఒక మిత్రుని పాత స్పోర్ట్స్ కారులో మేమీ దారిన వచ్చితిమి. ముందు చక్రములకు డిస్కులు, వెనుక డ్రమ్ములు గల బండి. మలుపులలో స్టీరింగు ఎడమకు లాగుచుండెను; కాలిన వాసన వచ్చుచుండెను. మారేడుమిల్లిలో ఆపి, ముందరి ఎడమ చక్రము మీద నీళ్లు చిలుకరింపగా చుయ్యిమన్నవి. సాయంకాలము అదే ఘాటు దిగి చింతూరు చేరవలెనని మిత్రుని తొందర. "బ్రేకు ఎక్కువ పట్టుట దిగుడులో మంచిదే కదా" అన్నారు. ఈ మాట చాలమంది అనగా విన్నాము. నిజమునకు, ఎక్కువగా పట్టు బ్రేకే ముందుగా చేయి విడుచును. దాని వేడి లోపలి ద్రవమునకు పాకును. ద్రవము మరిగి ఆవిరియైనచో, పెడలు నొక్కినపుడు ఆవిరి నలుగునే గాని బలము చక్రమునకు చేరదు; పెడలు నేలకంటుకొనును. డాట్ 4 రకపు క్రొత్త ద్రవము 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగదు. గాలిలోని తేమను పీల్చి పాతబడినచో ఆ హద్దు 155కు దిగవచ్చును. వానల సీమలో, ఏడాదికి నాలుగుమార్లు బయటికి తీయు బండిలో ద్రవము పాతబడుటకు ఎంతో కాలము పట్టదు.

1953లో లె మాన్స్ పందెమున జాగ్వారు కార్లు డిస్క్ బ్రేకులతో గెలిచిన తరువాత స్పోర్ట్స్ కార్లకు ఇవి ఆనవాయితీ యైనవి. డ్రమ్ములో బ్రేకును వెనుకకు లాగుటకు స్ప్రింగులుండును. డిస్కులో ఆ పని చేయునది ఒక రబ్బరు సీలు. పిస్టను ముందుకు జరిగినపుడు దానిని పట్టుకొనియున్న సీలు కొంచెము వంగును. కాలు తీయగనే నిక్కి, పిస్టనును వెంట్రుకవాసి వెనుకకు తెచ్చును. ఇంత సుకుమారమైన ఏర్పాటును చెరుపుటకు పిసరంత త్రుప్పు చాలును.

తప్పెక్కడ నున్నదో కనుగొనుటకు బండిని చదునైన నేల మీద నిలిపి, తక్కిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీ ఎత్తితిమి. చక్రము చేతికి తిరుగలేదు. ఇనుప గొట్టము రబ్బరు గొట్టముతో కలియు చోట నట్టు అరచుట్టు వదులు చేసితిమి, అయినను కదలలేదు. దానిని బిగించి, కాలిపరు మీది బ్లీడరు నిపిల్ వదులు చేయగనే ద్రవము చిమ్మెను, చక్రము తిరిగెను. అనగా ఒత్తిడి రబ్బరు గొట్టమునకు ఈవల చిక్కుకొనియున్నది. పైకి నున్నగా కనబడు గొట్టము లోపల ఉబ్బి దారి మూసినది. కాలి బలమునకు ద్రవము లోనికి పోవును; సీలు లాగు కొద్దిపాటి బలమునకు తిరిగి రాదు.

మొదటి నట్టు వదులు చేసినపుడే చక్రము తిరిగియున్నచో నేరము పైనున్న మాస్టరు సిలిండరుది. తరచుగ రెండు ముందు చక్రములును కలిసి పట్టుటయే దాని గుర్తు. పెడలు కడ్డీకి కొంచెమైన ఆట లేకున్నచో, ద్రవము తొట్టికి తిరిగిపోవు సన్నని రంధ్రము మూతపడియుండును. బ్లీడరు విప్పినను చక్రము కదలనిచో పిస్టను త్రుప్పుపట్టినదో, ప్యాడ్లు గాడిలో ఇరుకుకొన్నవో చూడవలెను. త్రుప్పు పిస్టనును గరుకు కాగితముతో రుద్ది మరల బిగించువారు కలరు. క్రోమియము పూత పోయి మరింత త్వరగా త్రుప్పుపట్టును, మార్చుటయే మేలు.

మనవారు దీనిని "బ్రేకు ఆయిలు" అందురు. ఈ పేరే కొంత చెరుపు చేసినది. నూనెయే కదా యని ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు సీళ్లన్నియు ఉబ్బి, నాలుగు చక్రములును పట్టివేయును.

ఆ సాయంకాలము ఘాటు దిగలేదు. మూడవనాడు క్రొత్త గొట్టములు రాగా రెండు వైపులను మార్చి, పాత ద్రవమునంతయు తీసి, గాలి లేకుండ బ్లీడింగు చేసితిమి. రెండవ గేరులో తులసిపాక వరకు దిగి, మరల పైకెక్కి, ఎడమ చక్రము మీద నీళ్లు పోసితిమి. చప్పుడు లేకుండ జారిపోయినవి.