ఇంటి భాష, బడి భాష

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో ఒడియానో అయితే పిల్లవాడి తెలివి మందగిస్తుందేమోనని మీలో కొందరికి బెంగ. 1920ల్లో అమెరికాలో కొందరు పరిశోధకులు అలాగే తేల్చారు. ఎవరిని ఎవరితో పోల్చి? బీద వలస కుటుంబాల పిల్లలను, కలిగినవారి పిల్లలతో! 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ ఒకే స్థాయి కుటుంబాల పిల్లలను పోల్చితే రెండు భాషలవారే ముందున్నారు. అయితే వారు రెండు భాషలూ బాగా వచ్చినవారినే ఏరుకున్నారు. తెలివి వల్ల భాషలు వచ్చాయా, భాషల వల్ల తెలివి పెరిగిందా? చీట్లు వేసి పిల్లలకు భాషలు పంచలేం గదా! అందుకే ఒడిశాలో అజిత్ మహంతి చేసిన పోలిక నాకు నచ్చుతుంది. ఒకే కోందు తెగ, ఒకే రకం బతుకు. కొన్నిచోట్ల కుయి, ఒడియా రెండూ ఉన్నాయి. కొన్నిచోట్ల కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. అక్కడా రెండు భాషల పిల్లలే మెరుగు.